అప్పగింత – ఋణక్షమ: తెలుగు బైబిలులో ద్రోహం, క్షమ (కోనసీమ నేపథ్యం)

ప్రవేశిక

క్రైస్తవ బోధలో ద్రోహానికి ఇస్కరియోతు యూదా, క్షమ పొందినవానికి పేతురు స్థిరపడిన ప్రతీకలు. శ్రమదినాల ధ్యానాల్లో ఒకరిని నిందించి మరొకరిని ఆదరించడం పరిపాటి. అయితే ఈ ఘట్టాలకు తెలుగు బైబిలు ఎన్నుకొన్న పదాలు అంతకంటే లోతైన అర్థాన్ని ఇస్తాయి. 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లు నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా ఆరంభించిన గోదావరి డెల్టా మిషన్ పరిచర్య క్రమంగా వశిష్ఠ దాటి కోనసీమకు విస్తరించింది. రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల దళిత పల్లెల జీవితంలో ఈ పదాలు ఏ అర్థాన్ని సంతరించుకొంటాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అప్పగించడం: ఒక క్రియ, అనేక కర్తలు

యూదా చేసిన పనికి సువార్తల గ్రీకు మూలం ప్రధానంగా వాడిన క్రియ 'పరదిదోమి'. దాని అర్థం ఒకరి చేతి నుండి మరొకరి చేతికి ఇవ్వడం. తెలుగు అనువాదం దీనిని 'అప్పగించు' అన్నది. మత్తయి సువార్త 26, 27 అధ్యాయాల్లో శిష్యుడు యాజకులకు, యాజకులు పిలాతుకు, పిలాతు సైనికులకు యేసును అప్పగిస్తారు. క్రియ ఒక్కటే, కర్తలు మారుతుంటారు. కనుక ద్రోహం ఒక్క మనిషి దుర్బుద్ధిగా కాక, చేతులు మారుతూ సాగిన వ్యవస్థాగతమైన చర్యగా కనిపిస్తుంది. యూదాను మాత్రమే దోషిని చేసే బోధ మిగిలిన చేతులను మరుగుపరుస్తుంది.

తెలుగు పెళ్ళిలో 'అప్పగింతలు' కన్నీటి ఘట్టం. కన్నవారు బిడ్డను నమ్మకంతో పరుల చేతుల్లో పెట్టే సందర్భమది. అందువల్ల ఈ పదంలో నమ్మకం, ఎడబాటు రెండూ ఇమిడి ఉన్నాయి. రోమా పత్రిక 8:32లో దేవుడు తన కుమారుని అందరికొరకు ఇచ్చిన సందర్భంలోనూ ఇదే పదం కనిపిస్తుంది. ద్రోహాన్నీ త్యాగాన్నీ ఒకే మాటతో చెప్పిన మూలంలోని ధ్వని తెలుగులో భద్రంగా నిలిచింది.

రెండు పశ్చాత్తాపాలు

యూదా పశ్చాత్తాపపడలేదనడం పాఠవిరుద్ధం. మత్తయి 27వ అధ్యాయంలో అతడు తప్పు ఒప్పుకొని, ముప్పది వెండి నాణెములను తిరిగి తెచ్చాడు. కాని ఆ ఒప్పుకోలును విన్న యాజకులు దానితో తమకు సంబంధం లేదన్నారు. అతని విషాదానికి సొంత నేరంతో పాటు వినవలసినవారి నిరాకరణ కూడా కారణం.

పేతురు కథలో వినేవాడున్నాడు. యోహాను 18:18లో అతడు బొంకిన చోట, 21:9లో యేసు చేపలు కాల్చిన చోట, రెండింటా గ్రీకులో 'అంత్రకియ' అనే పదమే ఉంది. కొత్త నిబంధనలో ఇది ఈ రెండు చోట్లే వస్తుంది. తెలుగులో ఒకచోట 'మంట', మరొకచోట 'నిప్పులు' కావడంతో ఈ ప్రతిధ్వని కొంత మరుగుపడింది. అయినా కథాసంవిధానం స్పష్టమే. మూడుసార్లు బొంకినవానిని మూడుసార్లు ప్రశ్నించి, ప్రతిసారీ బాధ్యత అప్పజెప్పడం జరిగింది. ఇక్కడ క్షమ అంటే జరిగినదాన్ని మరవడం కాదు, దానిని మళ్ళీ ఎదుర్కొనడం.

ఋణం, క్షమ

ప్రభువు ప్రార్థనను మత్తయి 6:12లో తెలుగు బైబిలు 'ఋణము'ల భాషలోనే అనువదించింది. ఋణం కోనసీమలో కేవలం రూపకం కాదు. అప్పు తీరేదాకా భూస్వామి ఇంట కట్టుబడి ఉండే పాలేరుతనం ఈ డెల్టా అనుభవం. మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్న 'పాలేరు' నాటకానికి ఆ జీవితమే ఇతివృత్తం. ఆ అనుభవమున్న శ్రోతకు ఋణక్షమ అంటే విడుదల.

మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానం ఇక్కడ కీలకం. పదివేల తలాంతులు క్షమించినవాడు అప్పిచ్చినవాడు; నష్టం కూడా అతనిదే. ఆ క్షమ పొందినవాడు నూరు దేనారములకు తోటిదాసుని గొంతు పట్టుకొన్నాడు. బలవంతుని కాఠిన్యాన్ని ఎత్తిచూపే ఈ కథను, అన్యాయానికి గురైనవారికి సహనాన్ని నేర్పే పాఠంగా మాత్రమే బోధిస్తే దాని దిశ తలక్రిందులవుతుంది. లూకా 17:3 క్షమకు ముందు గద్దింపును, మారుమనస్సును పేర్కొంటుంది. లూకా 19:8లో జక్కయ్య అన్యాయంగా తీసుకొన్నది నాలుగంతలు తిరిగి ఇస్తానంటాడు.

సిలువపై యేసు చేసిన క్షమాప్రార్థనకు ముందు ఎవరూ మారుమనస్సు పొందలేదన్న ఆక్షేపణ సహజం. అయితే ఆ మాట పలికినవాడు గాయపడినవాడే. పక్కన నిలిచినవారెవ్వరూ క్షమించుమని ఆయనను ఆదేశించలేదు. క్షమ బాధితుని స్వేచ్ఛగా ఉన్నంతవరకే అది క్షమ; ఇతరులు విధించినప్పుడు అది మరొక అప్పగింత అవుతుంది.

ముగింపు

'అప్పగించు' అనే క్రియ ద్రోహంలో భాగస్వాములైన అందరినీ చూపుతుంది. 'ఋణము' అనే నామం క్షమకు అయ్యే ఖర్చును, దాన్ని భరించేదెవరో చూపుతుంది. ఈ రెండు పదాలను కోనసీమ సామాజిక జీవితంతో కలిపి చదివినప్పుడు, క్షమాబోధ అణగినవారి మౌనాన్ని కోరేది కాదని, అణచినవారి లెక్కలను అడిగేదని తేలుతుంది. అనువాద పదజాలాన్ని ప్రాంతీయ అనుభవంతో అన్వయించే పఠనం తెలుగు క్రైస్తవ సాహిత్య విమర్శకు అవసరం.