మురికి అలవాటా, ఏర్పాటా?

వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టిన చేతులే ఆ చెత్తను గోడ అవతల పారబోస్తాయి. ఎంగిలి విషయంలో ఎంతో పట్టింపు ఉన్న ఇంట్లో వీధి కాలువ గురించి ఎవరికీ పట్టదు. ఎందుకిలా? బ్రిటిష్ మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో వెలువరించిన 'ప్యూరిటీ అండ్ డేంజర్' గ్రంథం ఈ ప్రశ్నకు చాలావరకు జవాబిస్తుంది.

ఆమె వాదన సారాంశం ఇది: మురికి వస్తువు గుణం కాదు, ఉండకూడని చోట ఉన్నదాన్నే మనం మురికి అంటాం. తలపై వెంట్రుక అందం, అన్నంలో అదే వెంట్రుక అసహ్యం. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించేది సంస్కృతి. మన మడి, మైల, ఎంగిలి అన్నీ సూక్ష్మజీవుల సంగతి తెలియక ముందే ఏర్పడ్డ హద్దులు. గోడ దాటిన చెత్త మన హద్దు దాటింది కనుక మన కంటికి ఆనదు.

అయితే ఈ వాదనను సూరత్ నగరంలో పరీక్షిస్తే ఒక లోటు బయటపడుతుంది. 1994 సెప్టెంబరులో, తపతి వరదల తర్వాత, అక్కడ న్యుమోనిక్ ప్లేగు వ్యాపించింది. 50 మందికి పైగా మరణించారు. లక్షలాది మంది ఊరు విడిచిపోయారు. ఇలాంటప్పుడు 'జనానికి శుభ్రత అలవాటు లేదు' అనడం తేలిక. కాని మరమగ్గాల మీద బతికే వలస కార్మికుల బస్తీలను చూడండి. తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు స్థిరపడిన లింబాయత్ అలాంటి కార్మికవాడల్లో ఒకటి. కాలువ, మరుగుదొడ్డి, చెత్తకుండీ లేని బస్తీలో చెత్త 'ఉండవలసిన చోటు' ఏది? చోటే లేనప్పుడు, చోటు తప్పిందనడంలో అర్థం ఏముంది?

1995 మే నెలలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్. ఆర్. రావు నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, అధికారులను రోజూ వీధుల్లోకి పంపారు. రాత్రిపూట ఊడ్చే పద్ధతి పెట్టారు. బస్తీల్లో కాలువలు, మరుగుదొడ్లు కట్టించారు. చెత్త వేసినవారికి జరిమానా విధించారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది. అంత కొద్దికాలంలో జనం సంస్కృతి మారిపోలేదు. ముందు ఏర్పాట్లు మారాయి. వాటి వెంట అలవాట్లు మారాయి. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది.

అందుచేత డగ్లస్‌ను ఒంటరిగా చదవడం చాలదు. సూరత్ ప్లేగు మీద ఘనశ్యామ్ షా 1997లో ప్రచురించిన అధ్యయనాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి. ఒకరు మనసులోని హద్దులను చూపిస్తే, మరొకరు నగరపాలనను చూపిస్తారు. అయినా డగ్లస్ చెప్పిన ఒక విషయం సూరత్ తర్వాత కూడా చెక్కుచెదరలేదు. వీధి ఎంత శుభ్రపడినా, దాన్ని ఊడ్చేవారిని మైలగా చూసే చూపు కుండీలతో, జరిమానాలతో పోదు.

మీ వీధిలో చెత్తకుండీ ఎంత దూరంలో ఉందో, దాన్ని ఎవరు, ఎన్ని రోజులకోసారి ఖాళీ చేస్తారో ఒక వారం పాటు రాసి చూడండి. ఆ తర్వాతే ఇరుగుపొరుగువారి అలవాట్ల మీద తీర్పు చెప్పండి.