దోసిట్లో దొరికే కొలత

సాటి మనిషిని మనిషికన్నా తక్కువగా చూడటాన్ని అంకెల్లో పెట్టవచ్చా? పెట్టవచ్చని 2015లో మనస్తత్వ పరిశోధకులు నూర్ క్తైలీ, ఎమిల్ బ్రూనో తమ సహచరులతో కలిసి చూపించారు. వానర దశ నుంచి నిటారుగా నిలబడ్డ మనిషి దాకా వరుసగా బొమ్మలు, వాటి కింద సున్నా నుంచి వంద దాకా గీత. ఫలానా వర్గం వాళ్లు ఈ గీత మీద ఎక్కడ ఉంటారో చెప్పమంటారు. అమెరికాలో ముస్లింలకూ, హంగరీలో రోమాలకూ జనం మొహమాటం లేకుండా తక్కువ మార్కులు వేశారు.

సర్వే ప్రశ్నలు రాయడం నా వృత్తి. కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాకు ఇలాంటి కొలబద్దను తేవాలంటే భాష అంత పెద్ద అడ్డంకి కాదు. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. తెలుగు ప్రశ్ననే కన్నడ లిపిలో రాసుకుని చదివి వినిపిస్తే సరిపోతుంది. చిక్కంతా బొమ్మతోనే. ఇక్కడ కోతిని చూస్తే ఆంజనేయస్వామి గుర్తొస్తాడు. సంక్రాంతికి ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు వేసి, బొట్టు పెడతారు. కుక్క అరుగు మీద పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఆ ఇంటి పొలంలో పొద్దంతా ఒళ్లు వంచిన దళితుడు మాత్రం గడప బయటే ఆగిపోతాడు. జంతువుతో పోల్చి చూసే గీతకు ఈ దూరం అందదు.

ప్రశ్నలు సరిచూసుకునేటప్పుడు ఒక పెద్ద రైతును దళిత కాలనీవాళ్ల గురించి అడిగాను.

"అందరూ దేవుడి బిడ్డలే గదా సార్" అన్నాడాయన. గీత మీద అది నిండు వంద.

"దాహమని వస్తే నీళ్లిస్తారా?"

"ఇయ్యకుండా ఉంటామా? దోసిట్లో పోస్తాం."

"అట్లా తాగడం వాళ్లకు అవమానంగా ఉండదా?"

"వాళ్లకు అలవాటే సార్."

ఆయన మాటలో ద్వేషం లేదు. బెల్జియంలో మనస్తత్వ పరిశోధకుడు జాక్-ఫిలిప్ లేయన్స్ బృందం పట్టి చూపించింది సరిగ్గా దీన్నే. భయం, కోపం జంతువులకూ ఉంటాయి. అవమానం, పశ్చాత్తాపం లాంటివి మనవాళ్లకే ఎక్కువ, పరాయివాళ్లకు తక్కువ అనుకోవడమే మనిషిని తగ్గించడం.

సూటిగా అడిగితే అసలు సంగతి బయటపడదని 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేకు తెలుసు. అంటరానితనం పాటిస్తారా అని అడిగి ఊరుకోలేదు. పాటించం అన్నవాళ్లను, దళితులు మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఫరవాలేదా అని మళ్లీ అడిగింది. రెండు జవాబులూ కలిపితే దేశంలో దాదాపు 27 శాతం ఇళ్లలో అంటరానితనం ఉందని తేలింది.

మళ్లీ ఈ జిల్లాకే వస్తే, చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులను సజీవ దహనం చేశారు. సాక్షులు మాట మార్చారు. 2006లో కోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది. అలాంటి నేల మీద అందరికీ వందకు వంద వేసే కొలబద్దను పట్టుకు తిరిగితే, మాట మార్చిన సాక్షుల వరసలో మనమూ చేరినట్టే.

అందుకే ప్రశ్నలు ముందు కాలనీలో పుట్టాలి. ఏ హోటల్లో లోటా వేరుగా పెడతారో, పెళ్లి భోజనానికి ఎప్పుడు పిలుస్తారో, గుడి దగ్గర ఎన్నో మెట్టు మీద ఆగమంటారో అక్కడి ఆడవాళ్లు వివరంగా చెబుతారు. వాళ్లు చెప్పినవే ప్రశ్నలుగా రాసుకుని ఊళ్లోకి వెళ్లాలి. కొలబద్ద సరైనదో కాదో తేల్చే హక్కు కూడా వాళ్లదే.