నాస్తిక దైష్టిక శబ్దవిమర్శనము

దేవుడు లేడనువాడు దిష్టిని నమ్మవచ్చునా? నమ్మినచో వానిని నాస్తికుడనవచ్చునా? ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు వినబడుచున్నవి. అట్టివాడు పైకి లేడనుచున్నను లోలోపల నమ్మినవాడేయని ఆస్తికులందురు. వాడింకను పూర్తిగా నాస్తికుడు కాలేదని హేతువాదులందురు. ఈ పక్షములు పరస్పరవిరుద్ధములుగా కనబడుచున్నను ఒక్క విషయమున ఏకీభవించుచున్నవి. దైవవిశ్వాసము తల్లిచెట్టనియు, దిష్టి, శకునము, జాతకము మొదలగునవి దాని పిలకలనియు ఉభయులును తలచుచున్నారు. ఈ తలంపు శబ్దమర్యాదకును, లోకానుభవమునకును సరిపడదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారమునకు విజయవాడ తగిన చోటు. గోరాయని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణామండలమునందలి ముదునూరిలో నెలకొల్పిన నాస్తికకేంద్రము 1947లో విజయవాడ పటమటకు తరలివచ్చినది. ఆ పటమట చేరువనే ఆటోనగరు కలదు. లారీలకు బాడీలు కట్టువారు, ఇంజనులు విప్పి బిగించువారు, లేతుపై ఇనుమును చెక్కువారు అందు పనిచేయుచుందురు. వారిలో గుడిగడప త్రొక్కనివారును, మ్రొక్కులను పరిహసించువారును లేకపోలేదు. అట్టివారిలోను కొందఱు క్రొత్తబండి షెడ్డు దాటునపుడు చక్రముక్రింద నిమ్మకాయ పెట్టింతురు. ముందు మిరపకాయలు, వెనుక పాతచెప్పు వ్రేలాడగట్టుదురు. దేవుడున్నాడాయని యడిగినచో లేడందురు. ఇదేమని యడిగినచో దిష్టికందురు. వారిని కపటులనుట సులభము. వారి మాటలో నిజముగా వైరుధ్యమున్నదాయని చూచుట విమర్శకుని పని.

ముందుగా శబ్దవిచారము. పాణిని ఒక్క సూత్రముననే (4-4-60) అస్తి, నాస్తి, దిష్ట అను మూడు ప్రకృతులమీద, అట్టి మతి గలవాడను నర్థమున, ఠక్ ప్రత్యయమును విధించెను. ఇకాదేశమును, ఆదివృద్ధియు కలిగి ఆస్తిక, నాస్తిక, దైష్టిక రూపములు సిద్ధించుచున్నవి. మొదటి రెండును బడిపిల్లలకు సైతము తెలిసినవి. మూడవది నిఘంటువులలో నిదురించుచున్నది.

ఆస్తికుడు కలదనునది యేమి? పరలోకము కలదను బుద్ధియే ఇచట వివక్షితమని కాశికాకారుల వివరణము. ఇందు ఈశ్వరప్రసక్తి లేదు. మనువు వేదనిందకుని నాస్తికుడనెను. అందును ఈశ్వరప్రసక్తి లేదు. దేవుడు లేడనువాడే నాస్తికుడనుట నేటి తెలుగు వాడుకలోని ప్రధానార్థము. ఈ మూడర్థములను కలగాపులగము చేయుటవలననే మొదట చెప్పిన వివాదము పుట్టినది.

ఇక దైష్టికశబ్దము. దిశ ధాతువుపై క్తప్రత్యయము చేరగా నిర్దేశింపబడినదను నర్థమున దిష్టమగును. అమరసింహుడు దీనిని దైవము, భాగధేయము, నియతి, విధి మున్నగు పర్యాయములలో చేర్చెను. దానినిబట్టి దైష్టికుడనగా విధిని నమ్మువాడు. కాశికలో మాత్రము ప్రమాణము ననుసరించు బుద్ధిగలవాడను నర్థము కనబడుచున్నది. కోశప్రసిద్ధి మొదటి యర్థమునకే బలము గూర్చుచున్నది. సూత్రము రూపసిద్ధికేగాని మతవిభాగమునకు కాదుగదాయని ఎవరైన శంకింపవచ్చును. నిజమే. కాని శబ్దానుశాసనము లోకప్రయోగము ననుసరించునది. విధియందలి నమ్మకము ఆస్తికత్వముకంటె వేఱుగా గుర్తింపబడి, దానికొక ప్రత్యేకశబ్దము లోకమున ఏర్పడినదని ఇందువలన తెలియును. అంతకుమించిన భారమును సూత్రముపై మోపరాదు.

దర్శనముల చరిత్రయు ఇట్లే సాక్ష్యమిచ్చుచున్నది. కుమారిలభట్టు వేదప్రామాణ్యమును, అపూర్వమును స్థాపించియు జగత్కర్తయగు ఈశ్వరుని నిరాకరించెను. జైనులును బౌద్ధులును వేదమును, సృష్టికర్తను కాదనియు కర్మమును, పునర్జన్మమును అంగీకరించిరి. ఆజీవకుడైన మక్ఖలి గోసాలుడు సర్వమును నియతికే విడిచెను. మన కృష్ణాతీరమున అమరావతి స్తూపశిలలపై నాగులు చెక్కబడియున్నవి; సృష్టికర్తను ఒప్పనివారి స్తూపమున నాగులుండుట ఆ కాలమువారికి విరుద్ధముగా తోచలేదు. ఈశ్వరుని, పరలోకమును, అదృష్టమును ఒక్కటిగా త్రోసివేసినవాడు చార్వాకుడు. నాస్తికులందఱును చార్వాకులు కారు. ఆటోనగరులోని మన మేస్త్రియు కాడు.

దిష్టియను తెలుగుమాట పై దిష్టమునుండి పుట్టినది కాదు, అది దృష్టిశబ్దభవము. ధ్వనిసామ్యమును చూచి రెంటిని కలుపుట తగదు. అర్థమున మాత్రము ఒక పోలిక కలదు: రెంటియందును ప్రార్థింపదగిన కర్త లేడు. దేవుడు కాపాడెనను వాక్యమున దేవుడు కర్త; ఆతనిని వేడుకొనవచ్చును, నిందింపవచ్చును. దిష్టి తగిలెననునపుడు దిష్టియే కర్త. దానిని తీసివేయువారే గాని వేడుకొనువారు లేరు. ఈ బండి నాకు అచ్చిరాలేదనునపుడు బండి కర్త; యజమాని నాకు అను షష్ఠిలో ఒదిగి నిలిచినవాడు. అచ్చివచ్చుట, కలిసివచ్చుట, ఎదురువచ్చుట మొదలగు మన పలుకుబడులలో వచ్చునది వస్తువు. మనుష్యుడు దానికి గుఱియగువాడు మాత్రమే. కావున దేవుని పేరెత్తకయే, ఆతనిని మనస్సున తలపకయే, ఈ మాటలన్నియు పలుకవచ్చును.

ఈ కర్తృత్వభేదముననే కారణమును వెదకవలెను. నట్టు వదులైనచో మేస్త్రి మరను చూచునేగాని దిష్టిమాట యెత్తడు. అచట తాను కర్త. బాగుగా బిగించిన బండియే రోడ్డెక్కి రెండుమారులు బోల్తాపడినచో, ఎదుటి బండి, వాన, డ్రైవరు నిద్ర మొదలైనవి తన చేతిలోనివి కావు. అచట అచ్చిరాలేదను మాట పుట్టును. మలినోవ్స్కీయను పండితుడు ట్రోబ్రియాండు దీవులవారినిగూర్చి 1925లో ఈ సంగతినే వ్రాసెను: తీరమునంటిన ప్రశాంతజలములలో చేపలు పట్టునపుడు వారికి మంత్రతంత్రములు లేవు, అపాయకరమగు నడిసముద్రమునకు పోవునపుడు కలవు.

1948లో స్కిన్నరు చేసిన పరీక్ష ఇంతకంటెను విచిత్రము. పావురములేమి చేసినను చేయకున్నను నియతకాలమున ఆహారము దొరకునట్లు ఆతడు ఏర్పాటు చేసెను. ఎనిమిదింట ఆఱు పావురములు ఆహారము దొరకినపుడు తాము చేయుచుండిన చేష్టనే మరల మరల చేయసాగినవి. ఒకటి గుండ్రముగా తిరిగినది, ఒకటి పెట్టెమూలకు తల చాచినది. పావురమునకు మతమెక్కడిది? మన వైయాకరణులు దీనికెప్పుడో పేరు పెట్టిరి. కాకి వచ్చుటయు తాటిపండు పడుటయు ఏకకాలమున జరిగినది కాకతాళీయము; దాని రూపసిద్ధికి పాణినిసూత్రమే (5-3-106) కలదు. కాకిరాకను తాటిపండు పాటుకు కారణముగా గ్రహించు బుద్ధి ఆస్తికునకును నాస్తికునకును సమానము. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో బ్రెజిలు, చైనా, డెన్మార్కు, జపాను, బ్రిటను, అమెరికా దేశములలోని దేవుని నమ్మనివారిని ప్రశ్నించిరి. దేవుని నమ్మకపోవుట అలౌకికమును నమ్మకపోవుట కాదని అందును తేలినది.

నిమ్మకాయకై యింత విచారమేలయని కొందఱనవచ్చును. నిమ్మకాయవలన హాని లేదు. కాని బయలుదేరునపుడు విధవ యెదురైనచో వెనుకకు మరలువాడును ఇట్టి బుద్ధితోనే మరలుచున్నాడు. ఎవరో చేతబడి చేసిరని పొరుగువానిని కొట్టిచంపుటకును దేవునియందు నమ్మకము అక్కఱలేదు. దేవుడు లేడని ఒప్పించితిమి, ఇక ఇవన్నియు తామే పోవునని కూర్చుండినచో ఆ విధవకును, ఆ పొరుగువానికిని రక్షణ లేదు. నాస్తికకేంద్రమువారు నిప్పులపై నడచి చూపి, అందు మహిమ లేదని ప్రత్యక్షముగా నిరూపించిరి. వారి సిద్ధాంతమును ఒప్పనివారును ఈ పద్ధతిని మెచ్చవలెను. అది ఈశ్వరఖండనము కాదు. ఒక్కొక్క నమ్మకమును దాని చోటనే నిలిపి పరీక్షించుట. దానికి తోడుగా డ్రైవరునకు చాలినంత నిద్రయు, బండికి మంచి బ్రేకులును సమకూడినచో అచ్చిరాకపోవుటకు చోటు తగ్గును.

ఆస్తికులును దీనిని చూచి సంతోషింప పనిలేదు. నాస్తికుని దిష్టిభయము ఈశ్వరసిద్ధికి ప్రమాణము కాదు. ఈశ్వరభక్తియు దిష్టిభయమునకు మందు కాదు. భక్తుల బండ్లకును నిమ్మకాయలు కలవు.

కావున పాఠశాలలలో నాస్తికశబ్దమును చెప్పునపుడు, పరలోకము లేదనువాడు, వేదమును నిందించువాడు, దేవుడు లేడనువాడు అను మూడర్థములను వేఱువేఱుగా చెప్పి, వాని ప్రక్కనే దైష్టికశబ్దమును గూడ నేర్పుట మేలు. పేరు తెలిసిన బాలుడు దానిని తనయందే గుర్తింపగలడు.