కత్తెర పనితనం

తెర మీద కనిపించేవి ముక్కలే. వాటిని కథగా అల్లుకునేది ప్రేక్షకుడి మనసు. ఆ అల్లికకు దారి వేసేవాడు ఎడిటర్. గుమ్మం వైపు తిరిగిన ఒక స్త్రీ ముఖం, వెంటనే ఖాళీ గుమ్మం: ఆమె ఎవరికోసమో ఎదురుచూస్తోందని వేరే చెప్పనక్కర్లేదు. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే నటుడి ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి చూపితే, జనం ఒకచోట ఆకలిని, మరోచోట దుఃఖాన్ని చూశారట. నిజానికి ముఖంలో మార్పేమీ లేదు!

ఎక్కడ ఆపాలో తెలియడం మరో ఎత్తు. 2015లో ‘బాహుబలి’ సినిమా మొదటి భాగం, కట్టప్ప బాహుబలిని వెన్నుపోటు పొడిచిన చోట ఆగింది. ఎందుకు పొడిచాడన్న ప్రశ్న 2017లో రెండో భాగం వచ్చేదాకా జనం నోళ్లలో నానింది. టీవీ సీరియళ్లు ఇదే పని రోజూ చేస్తాయి, కాస్త మోటుగా: నిన్న ఆపిన ముఖాన్నే ఇవాళ మళ్లీ మొదట చూపిస్తాయి.