హంద్రీ మీద పడవ దారి

కర్నూలులో హంద్రీ మీద ఒక పాత వంతెన ఉంది. దాని మీద బండ్లు పోవు, నీళ్లు పోతాయి. కింద హంద్రీ, పైన తుంగభద్ర. ఊరికి వచ్చిన చుట్టాలకు కర్నూలువాళ్లు ఈ వింత తప్పకుండా చూపిస్తారు. అయితే ఆ కాలువను తవ్వినవాళ్లు నీళ్లొక్కటే పారాలనుకోలేదు. ఆ నీళ్ల మీద పడవలూ నడవాలనుకున్నారు. ఒక పట్నాన్ని దాటుతూ, ఒక నది నెత్తిమీదుగా పడవలో సాగిపోయే దారి మన సీమలో ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మకపోవచ్చు.

అదే మన కేసీ కెనాల్, అంటే కర్నూలు–కడప కాలువ. పైరుకు నీరూ, సరుకుకు దారీ ఒకే కాలువతో ఇవ్వొచ్చన్నది సర్ ఆర్థర్ కాటన్ పట్టుదల. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టి 1870 నాటికి కాలువ తవ్వించింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుట్టి, కర్నూలు పట్నం దాటి, మిట్టకందాల గట్టును కోసుకుని కృష్ణా పరీవాహకం నుంచి పెన్నా పరీవాహకంలోకి దిగుతుంది. అక్కడి నుంచి కుందూ లోయ పట్టుకుని నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలను తడుపుతూ కడప దాకా పోతుంది. మొత్తం 306 కిలోమీటర్లు.

సుంకేసుల నుంచి కడపకు నేల దిగుతూ పోతుంది. వాలు ఎక్కువైతే నీరు గట్లను కోస్తుంది. అందుకే కాలువను మెట్లు మెట్లుగా దించారు. నీరు మెట్టు మీంచి దూకుతుంది, పడవ దూకలేదు. దానికోసం మెట్టు పక్కనే లాకు కట్టేవారు. లాకు అంటే రెండు తలుపుల మధ్య ఒక గది. దిగువకు పోయే పడవ ఎగువ తలుపులోంచి గదిలోకి వస్తుంది. వెనక తలుపు మూసి, దిగువ తలుపులో ఉన్న చిన్న తూములు ఎత్తుతారు. నీరు మెల్లగా జారిపోతుంటే పడవ కూడా దానితోపాటే కిందికి దిగుతుంది. లోపలి నీరు, బయటి నీరు ఒక్క మట్టానికి వచ్చాకే తలుపు తెరుచుకుంటుంది. అంతకుముందు పదిమంది తోసినా కదలదు. తలుపు రెక్కలు రెండూ ఎగువవైపు కోణంగా కలుసుకుంటాయి గనుక నీరు ఎంత ఒత్తితే అవి అంత గట్టిగా బిగుస్తాయి.

లాకు దగ్గరికి రావడమే పడవవాడికి అసలు పరీక్ష. పక్కనే మెట్టు మీంచి దూకే నీరు పడవను తనవైపు లాగుతుంటుంది. అందుకని చాలా ముందే లాకు ఉన్న గట్టును పట్టుకోవాలి, వేగం తగ్గించాలి, తాడు చేతికి తెచ్చుకోవాలి. లోపలికి వెళ్లాక తాడును గట్టు మీది గుంజకు చుట్టాలే గానీ ముడి వేయకూడదు. నీరు దిగుతుంటే తాడు వదులుతూ పోవాలి. ముడి వేస్తే నీరు దిగిపోతుంది, పడవ ఒక పక్కకు వేలాడి తిరగబడుతుంది.

వాలుకు పోయేటప్పుడు చుక్కాని పట్టు దొరకదు. పడవ నీటి వేగంతోనే పోతుంటే చుక్కానికి నీరు తగలదు, అది మాట వినదు. నీటికన్నా కొంచెం వేగంగానైనా పోవాలి, గెడతో ఆపుకుంటూ నిదానంగానైనా పోవాలి. ఎదురెక్కేటప్పుడు గట్టు మీద మనుషులు తాడుతో లాగాలి. తాడును పడవ ముక్కుకు కాక స్తంభానికి ఎత్తులో కడితే గట్టు మీది తుప్పలకు చిక్కుకోదు. లాగేకొద్దీ ముక్కు గట్టువైపు తిరుగుతుంది. చుక్కాని పట్టినవాడు దాన్ని కాలువ నడిమికి తిప్పుతూనే ఉండాలి. మలుపులో బయటి ఒడ్డు పక్కన లోతు, లోపలి ఒడ్డు పక్కన ఇసుక మేట. నీటి మీది సన్నని ముడతలు చూసే అడుగున మేట ఉందని తెలుసుకోవాలి.

ఊళ్లోకి వస్తే పని ఇంకా సూక్ష్మం. రేవు మెట్ల దగ్గర బట్టలు ఉతికేవాళ్లు ఉంటారు, గేదెలు నీళ్లలో పడుకుని ఉంటాయి. వంతెన కిందికి వచ్చేసరికి స్తంభం దించాలి, తాడు విప్పి అవతల మళ్లీ అందుకోవాలి. హంద్రీ మీది లాంటి నీటివంతెన మీద అయితే మరీ నిదానం. ఇరుకు దారిలో పడవ ముందున్న నీటిని నెట్టుకుంటూ పోతుంది, ఆ నీరు పక్కల నుంచి వెనక్కి రావడానికి వ్యవధి ఇవ్వాలి. తొందరపడితే పడవ కింద నీరు తగ్గి అడుగు నేలకు తగులుతుంది.

ఇంత విద్య అక్కరకు రాకుండా పోవడానికి కారణం కాలువలోనే ఉంది. పైరుకు పారే నీరు కావాలి, పడవకు నిలకడగా లోతున్న నీరు కావాలి. పైరుకు అక్కర లేనప్పుడు కాలువ కట్టేస్తారు, పడవకు ఏడాది పొడవునా దారి కావాలి. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ శతాబ్దం ముగిసేలోపే గుంతకల్లు, బెజవాడల మధ్య రైలు నంద్యాల మీదుగా నడిచింది. సరుకు రైలెక్కింది. కాలువ పైరుకే మిగిలింది. ఇప్పుడు దాని ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. రైతుకు నీరే ముందు. అందులో రెండో మాట లేదు.

రైలు వచ్చాక ఇంగ్లండు కాలువలకూ ఇదే గతి పట్టింది. కానీ అక్కడివాళ్లు 1946లో ఒక సంఘంగా చేరి, పూడిపోతున్న కాలువలను తిరిగి తెరిపించే పని పట్టారు. ఇప్పుడు లండన్ నడిబొడ్డున 1820 నాటి రీజెంట్స్ కెనాల్‌లో కుటుంబాలు తమ పడవను తామే నడుపుకుంటూ, లాకు తలుపులు తామే తోసుకుంటూ ఊరు దాటుతాయి. పారిస్‌లో 1825 నాటి సెయింట్ మార్టిన్ కాలువ మీదా విహార పడవలు లాకుల్లో ఎక్కుతూ దిగుతూ పోతాయి. సరుకు పోయినా విద్య పోలేదు.

ఆ విద్య మనకు సరదాకే కాదు, ప్రాణానికీ అవసరం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో విహార పడవ మునిగి ఎన్నో కుటుంబాలు కడుపుకోత అనుభవించాయి. నీటిని చదవడం, వరదను చూసి రేవులోనే ఆగిపోవడం పడవవాడి మొదటి పాఠాలు. పాతాళగంగలోనో సంగమేశ్వరంలోనో మనవాళ్లను ఎక్కించుకునే పడవవాడికి ఆ పాఠాలు వచ్చి ఉండాలి.

అందుకే నాకో కోరిక. కాలువ నిండుగా ఉన్న నెలల్లో, పైరుకు పోయే చుక్క నీటికీ అడ్డం రాకుండా, నంద్యాల దగ్గర ఒక చిన్న భాగంలో చేతితో నడిపే పడవలు తిరగాలి. పడవ నీటిని తాగదు. దిగే పడవకు లాకు వదిలిన నీరు కూడా దిగువ పొలానికే పోతుంది. అక్కడ మన పిల్లలు గెడ వేయడం, తాడు వదలడం, తలుపు తెరిచేదాకా ఓపిక పట్టడం నేర్చుకోవాలి.

ఆళ్లగడ్డ వీధుల్లో ఈ రోజుకీ శిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తుంది. విగ్రహం కావాలని అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి తండ్రి చేతి పని కొడుకు చేతికి వచ్చింది. అడిగేవాళ్లు లేక కేసీ కెనాల్ మీద గెడ పట్టిన చేతులు ఆగిపోయాయి. కాలువ ఉంది, నీళ్లు ఉన్నాయి, హంద్రీ మీద వంతెన ఉంది. ఇక అడగవలసింది మనమే.