ఏ నెలలో ఏ కుదుపు

గల్ఫ్‌కు వెళ్లే ఉద్దానం కుర్రాళ్లు, ఢిల్లీలోనో పుణెలోనో ఉద్యోగాలు చేసే రాజాం, బొబ్బిలి పిల్లలు, వాళ్లను చూడ్డానికి బయలుదేరే అమ్మానాన్నలు... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో విమానం ఎక్కినవాళ్లు లేని ఇల్లు ఇప్పుడు అరుదవుతోంది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట తలపెట్టిన విమానాశ్రయం ఆకాశాన్ని మన పొలిమేరకే తెచ్చింది. టికెట్ ధర గురించి, లగేజీ బరువు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పైన కుదుపులు మొదలైతే ఏమనుకోవాలో, ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. విశాఖ నుంచి ఢిల్లీకి తరచూ తిరిగేవాణ్ని కాబట్టి, బయలుదేరే ముందు నేను వేసుకునే లెక్క మీతో పంచుకుంటాను.

కుదుపులకు కాలం ఉంది, వేళ ఉంది. మన రైతులకూ మత్స్యకారులకూ తెలిసిన గాలీవానే పైనా ఉంటుంది.

మార్చి నుంచి మే దాకా నేల కాగి వేడిగాలి పైకి తన్నుతుంది. మధ్యాహ్నం బయలుదేరితే తూర్పు కనుమల మీద ఎత్తుకు ఎక్కేటప్పుడు విమానం కాసేపు ఎగుడుదిగుడుగానే పోతుంది. సాయంత్రానికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు ఉరుముల మబ్బులు లేస్తాయి. వాటిలో కొన్ని 40 వేల అడుగులు కూడా దాటతాయి. వాటి మీదుగా దాటడం కుదరదు, చుట్టూ తిరగాల్సిందే. రాడార్‌లో వాన కనబడుతుంది కాబట్టి పైలట్లు పెద్ద మబ్బుకు 20 నాటికల్ మైళ్లయినా ఎడంగా పోవాలని చూస్తారు. 2022 మే 1న ముంబై నుంచి దుర్గాపూర్ వెళ్లిన విమానం దిగబోతూ తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకుంది, పదిమందికి పైగా గాయపడ్డారు. అందుకే ఎండాకాలంలో నేను తెల్లవారుజాము విమానమే చూసుకుంటాను.

వానాకాలంలో కుదుపులు ఎక్కువసేపు ఉంటాయి గానీ చాలావరకు తేలికపాటివే. పొరలు పొరలుగా ఉన్న మబ్బుల్లోంచి ఎక్కాలి, దిగాలి. పడమటి గాలి కొండలు దాటి తీరం వైపు జారేటప్పుడు సుడి తిరుగుతుంది కనుక దిగే చివరి నిమిషాల్లో ఊగిసలాట సహజం. రన్‌వే దాకా వచ్చి విమానం మళ్లీ పైకి లేచిందంటే పైలట్ తన పని సక్రమంగా చేస్తున్నాడనే అర్థం.

అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం టెర్మినల్ పైకప్పునే చీల్చేసింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. అలాంటి రోజుల్లో సర్వీసు రద్దయితే కౌంటరు దగ్గర గొడవపడకండి. రద్దు చేయడమే మనకు మేలు.

ఇక చలికాలం. మన తీరం మీద గాలి నిమ్మళంగా ఉంటుంది. అసలు సంగతి ఉత్తరాదిన ఉంది. అక్కడ దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలివాహిని పడమర నుంచి తూర్పుకు దూసుకుపోతుంటుంది. దాని అంచుల్లో మబ్బు తునక లేకుండానే విమానం అదురుతుంది. వాన లేదు కాబట్టి రాడార్‌కు చిక్కదు.

ఒక జనవరిలో సోంపేట వైపు పెద్దావిడ నా పక్క సీట్లో ఉన్నారు. బయట ఆకాశం నీలంగా ఉంది. ట్రే మీద గ్లాసులో నీళ్లు వణికాయి, రెక్క కొస పైకీ కిందకీ ఊగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “ఏటి బాబూ, మబ్బు నేదు, సినుకు నేదు, ఇలగూగిపోతంది?” అన్నారు. “ఒడ్డున అలలు దాటినప్పుడు తెప్ప ఎగిరెగిరి పడతాది గదమ్మా, మునిగిపోద్దా?” అన్నాను. “మునగదు. గట్టిగా పట్టుకుని కూకోవాల” అని ఆవిడే జవాబు చెప్పారు, బెల్టు బిగించుకున్నారు.

ఆవిడ మాటే శాస్త్రం కూడా. రెక్క ఊగడం లోపం కాదు, ఊగేలాగే దాన్ని తయారుచేస్తారు. వాడుకలో ఎదురవగలదని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటేనే విమానానికి అనుమతి ఇస్తారు. ప్రమాదం విమానానికి కాదు, బెల్టు లేని మనిషికి. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద 4.6 సెకన్లలో 178 అడుగులు జారింది. బెల్టు పెట్టుకోనివాళ్లు పైకప్పుకు కొట్టుకున్నారు. పదుల మంది గాయపడ్డారు, ఒక ప్రయాణికుడు చనిపోయారు. ముందుముందు ఇలాంటి కుదుపులు పెరుగుతాయని కూడా శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. ఉత్తర అట్లాంటిక్ మీద మబ్బుల్లేని తీవ్ర కుదుపులు 1979 నుంచి 2020 నాటికి 55 శాతం పెరిగాయని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం 2023లో తేల్చింది. భూమి వేడెక్కడమే దీనికి కారణమంటోంది.

కాబట్టి కొన్ని అలవాట్లు చేసుకోండి. కుదుపులంటే బెదురున్నవాళ్లు రెక్కల దగ్గర సీటు తీసుకోండి, తోక దగ్గర ఊపు ఎక్కువ. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి మీద బిగియాలి. బాత్రూమ్ పని దిగడం మొదలవకముందే ముగించుకోండి. సిబ్బందిని కూడా కూర్చోమని పైలట్ చెప్పారంటే టీ కోసం పిలవకండి, వాళ్లకూ దెబ్బలు తగులుతాయి.

మీ అమ్మనో నాన్ననో మొదటిసారి విమానం ఎక్కిస్తున్నారా? ఈ ఒక్క మాట చెప్పి పంపండి: సీటుబెల్టు లైటు ఆరిపోయినా, కూర్చున్నంతసేపూ బెల్టు విప్పొద్దు.