ఎండుటాకంత ప్రాణికి ఒక అడవి

టాంజానియా ఉసంబారా కొండల్లో ఒక మరుగుజ్జు ఊసరవెల్లి ఉంది. గడ్డంలాంటి చిన్న పొలుసు, ఎండుటాకు రంగు ఒళ్లు. తోకతో కలిపినా 8 సెంటీమీటర్లు దాటడం అరుదు. దాన్ని గాజుపెట్టెలో పెంచి పిల్లలు తీయించేవాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ముందు నేలను పెంచుతారు, ప్రాణిని తర్వాతే తెస్తారు.

అడుగున గులకరాళ్లు, వాటిపై సన్నని వల, ఆపైన ఎరువు కలపని మట్టి. మట్టి పల్చగా పరిస్తే కుదరదు. ఆడది గోతి తవ్వి గుడ్లు పెట్టేది అందులోనే. పైన ఎండుటాకులు. వాటి కింద కంటికి ఆనీ ఆనని స్ప్రింగ్‌టెయిల్ పురుగులు బూజు తిని పెట్టెను శుభ్రంగా ఉంచుతాయి. నాటిన మొక్కలు వేళ్లూనేదాకా కొన్ని వారాలు పెట్టె ఖాళీగానే ఉంటుంది. ఆ ఓపికకే నా సగం మార్కులు!

ఈ ఊసరవెల్లి పగలు నేల మీద తిరిగినా రాత్రి నిద్రకు కొమ్మెక్కుతుంది కాబట్టి సన్నని పుల్లలు ఏటవాలుగా గుచ్చాలి. ఆకులపై తుంపర చల్లితే ఆ చుక్కలే దాని తాగునీరు. మట్టిని పిడికిట్లో పిండితే చుక్క రాలాలి, ధార కట్టకూడదు. వేడి 20 నుంచి 25 డిగ్రీలు చాలు. మేతకు పండ్ల ఈగలు, కాల్షియం పొడి అద్దిన చిట్టి కీచురాళ్లు.

ఇది చదివి మన చేలగట్ల ఊసరవెల్లిని పెట్టెలో పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.